‘పసుపు బండి’ పద్యానికి డీజిల్ దీపిక

అవతారిక

సంక్రాంతి సెలవులు ఇచ్చే ముందురోజున మా నందిగామలో ఓ బడి పిల్లల తల్లిదండ్రులంతా కలిసి బస్సు డ్రైవర్లకు భోజనాలు పెట్టారు. ఆలోచన ఎవరిదని అడిగితే పదిమంది చెయ్యెత్తుతారు గనక ఆ జోలికి పోను. చందా తలకి రెండొందలు. ఇచ్చినవాళ్లు ఇచ్చారు, తక్కినవాళ్లు వాట్సాప్ గుంపులో బొటనవేలు బొమ్మ పెట్టారు.

పిలుపు రాసే పని మాత్రం మాస్టారి మీద పడింది. మాస్టారు జగ్గయ్యపేటలో తెలుగు చెప్పి రిటైరై, మా వీధిలో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఆయన వచనం రాయగా చూసినవాళ్లు లేరు. చాకలి పద్దు రాసినా గణాలు కుదరాలి. రాత్రికి రాత్రి ఒక ఆటవెలది కట్టి వాట్సాప్‌లో వదిలారు. నలభైమూడు నమస్కారాలు వచ్చాయి. అర్థమైనవాళ్లు ఇద్దరు తేలారు. ఒకరు మాస్టారు, రెండోవాణ్ణి నేను. అలా ఈ టీక నా మెడకు చుట్టుకుంది.

పెద్దల వ్యాఖ్యలకు సంజీవని అనీ, దీపిక అనీ పేర్లుంటాయి. నాది డీజిల్ దీపిక. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్నాడట. నేను పెట్టుకోవడం లేదు. ఈ పద్యంలో ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ.

మూలము

పసుపు బండి తోలి పసివారి నిత్యము
బడికి చేర్చి తిరిగి యొడికి చేర్చు
సారథులకు విందు సంక్రాంతి ముందుగా
పెట్టుచుంటి మిపుడు పెద్దమనసు

పాఠాంతరము

ఈ పద్యానికి రెండు ప్రతులున్నాయి. ఒకటి మాస్టారి ఫోనులోది. రెండోది షామియానా ముందు కట్టిన పది అడుగుల ఫ్లెక్సీ. ఫ్లెక్సీ ప్రతిలో ‘పసుపు బండి’ అన్నచోట ‘పశువు బండి’ అని ఉంది. మాస్టారు దాన్ని చూసి అక్కడే కుర్చీలో కూలబడ్డారు. ఫ్లెక్సీ కుర్రాడు వచ్చి, ‘గణం చెడలేదుగా మాస్టారూ’ అన్నాడు. నిజమే, చెడలేదు. పశువు కూడా మూడు లఘువులే.

ఏది గ్రాహ్యం? సంప్రదాయజ్ఞులు మొదటిదే అంటారు. కానీ మూడో నంబరు బస్సులో ముగ్గురు పట్టే సీట్లో ఐదుగురిని సర్ది, ఇంజను బానెట్ మీద మరో ఇద్దరిని కూర్చోబెట్టడం కళ్లారా చూసిన వ్యాఖ్యాతగా రెండో పాఠాన్ని పూర్తిగా తోసిపుచ్చలేకపోతున్నాను. ‘సారథులకు’ అన్నచోట ‘సారధులకు’ అని కూడా పడింది. అది మా వైపు పాఠాంతరం కాదు, ఆచారం.

ఫ్లెక్సీ మీద ఫొటోలు పదకొండు. చందా కమిటీవి తొమ్మిది, షామియానా ఉచితంగా ఇచ్చినాయనది ఒకటి, ఆయన తమ్ముడిది ఒకటి. కింద ఓ బస్సు బొమ్మ. అందులో స్టీరింగు ఎడమ పక్కన ఉంది. నెట్లోంచి దింపిన అమెరికా బస్సు. డ్రైవర్ల ఫొటో ఒక్కటీ లేదు. కావ్యం పేరు వేసి కవి పేరు మరిచినట్టు అనబోయాను గాని, కింద మాస్టారి పేరు కూడా లేదు.

ప్రతిపదార్థము

పసుపు = హరిద్ర; లక్షణ చేత ఆ వన్నె.

మాది మిర్చి, పత్తి నేల. పసుపు కావాలంటే దుగ్గిరాల యార్డుకు పోవాలి. మరి బడి బస్సుకు పసుపెందుకు? ఈ పసుపు పుట్టిల్లు న్యూయార్కు. 1939లో కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో ఫ్రాంక్ సైర్ అనే ఆచార్యుడు బడి బస్సుల మీద ఒక సభ పెట్టాడు. అప్పటిదాకా అక్కడా ఎవరికి తోచిన రంగు వాళ్లు వేసుకునేవాళ్లు, కొన్నిచోట్ల గుర్రపుబళ్లూ తిరిగేవి. పొద్దు పొడవక ముందు, మసక వెలుతురులో, దాని మీద నల్లక్షరాలు బాగా అగుపించే రంగేదని చూసి ఈ ముదురు పసుపును ఖాయం చేశారు.

మన దేశానికి వస్తే, 1997లో సుప్రీంకోర్టు ఢిల్లీ రోడ్ల విషయంలో బడి బస్సులకు కొన్ని ఆదేశాలిచ్చింది. ముందూ వెనకా ‘స్కూల్ బస్’ అని రాయాలి, కిటికీలకు అడ్డకమ్ములు ఉండాలి, మందుల పెట్టె ఉండాలి, బడి పేరూ ఫోను నంబరూ ఉండాలి, తోలేవాడికి పెద్ద బళ్ల మీద కనీసం ఐదేళ్ల అనుభవం ఉండాలి. తర్వాత దేశమంతటా ఇదే ఒరవడి అయింది. మూడో నంబరు బస్సును ఈ టీక నిమిత్తం నాలుగు పక్కలా తిరిగి చదివాను. బడి పేరుంది. కరస్పాండెంటు గారి పేరుంది, డిగ్రీలతో సహా. పదో తరగతి ర్యాంకులున్నాయి. ‘హారన్ ప్లీజ్’ ఉంది. బస్సు బాడీ కట్టినవాడి పేరు కూడా ఉంది. తోలేవాడి పేరు లేదు.

బండి తోలి = వాహనమును నడిపి.

‘నడిపి’ అనకుండా ‘తోలి’ అన్నాడు కవి. ఇక్కడ కవికి మార్కులు వేయాలి. మెట్ట ప్రాంతంలో ఎడ్లబండి తోలినవాడే ట్రాక్టరు తోలాడు, ట్రాక్టరు తోలినవాడే సిమెంటు లారీ ఎక్కాడు, లారీ మీద చేతులు కాయలు కాసి, ఇంటికి దగ్గరగా ఉంటుందని బడి బస్సుకు మారాడు. వాహనాలు మారినా క్రియ మారలేదు. వాళ్లనడిగినా ‘స్కూలు బండి తోల్తన్నా సార్’ అనే చెబుతారు. నడపడం పెద్దమనుషులు చేసే పని: సభలు, సంస్థలు, కాపురాలు.

పసివారి = చిన్నపిల్లలను.

ఎల్‌కేజీ నుంచి పదో తరగతి వరకు. పదో తరగతి పసివాళ్లలో నలుగురికి మీసాలున్నాయి. వెనక సీటు వాళ్లది. ఆ సీటు గురించి టీక రాయాలంటే వేరే గ్రంథం కావాలి.

నిత్యము = ఎల్లప్పుడును.

పొద్దున ఐదున్నరకు బండి కదలాలి. జనవరిలో ఆ వేళకు హైవే మీద మంచు. 65వ నంబరు జాతీయ రహదారి మనకు గరికపాడు దగ్గర జిల్లాలోకి వచ్చి, చిల్లకల్లు టోలు దాటి, నందిగామ పక్కగా పోయి, కీసర టోలు దాటుతుంది. రాత్రంతా హైదరాబాదు నుంచి వచ్చిన బస్సుల డ్రైవర్లకు నిద్ర ముంచుకొచ్చే వేళా, జగ్గయ్యపేట వైపు నుంచి సిమెంటు లారీలు బారులు తీరే వేళా, మన పసుపు బండి అడ్డరోడ్డు మీంచి మెల్లగా హైవే ఎక్కే వేళా ఒకటే. వేసవి ముందు కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంటుంది. ఆ గాలికి బస్సు బస్సంతా తుమ్ముతుంది. వానాకాలంలో మున్నేరు. 2023 జులై ఆఖర్న ఐతవరం దగ్గర ఏకంగా హైవే మీదికే వచ్చి కూర్చుంది. లారీలు, కార్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పైన ఎక్కడ వాన పడితే ఏ చప్టా మీదికి ఎన్ని గంటలకు నీళ్లొస్తాయో వాతావరణ శాఖ వారి తర్వాత ఈ డ్రైవర్లకే తెలుసు. ఒక్కోసారి ముందే తెలుసు.

‘నిత్యము’ అనే మాటకు ఒక మినహాయింపుంది. ఏటా మే 15తో బడి బస్సుల ఫిట్‌నెస్ గడువు తీరిపోతుంది. జూన్‌లో బడులు తెరిచేలోగా మళ్లీ బ్రేకులూ టైర్లూ అద్దాలూ చూపించి కాగితం తెచ్చుకోవాలి. వేసవి సెలవులన్నాళ్లూ బస్సుకు విశ్రాంతి. డ్రైవరుకు? ‘ఎండాకాలం జీతం ఉండదు సార్, ఎవరిదన్నా ట్రాక్టరు దొరికితే పోతాం’ అన్నాడు మా మూడో నంబరు. అంటే ఇక్కడ నిత్యము అనగా పది నెలలు అని గ్రహించునది.

బడికి చేర్చి, తిరిగి యొడికి చేర్చు

ఇది పద్యానికి గుండెకాయ. ‘తిరిగి’ మీద ‘ఒడికి’ వచ్చి యడాగమమై ‘యొడికి’ అయింది. యతి స్థానంలో బడికి, ఒడికి డకారాలతో ప్రాసయతి. మాస్టారు ఈ పాదం గురించి గంటసేపు చెప్పారు. రెండో గంట నేను తప్పించుకున్నాను.

అర్థంలో మాత్రం చిక్కుంది. బస్సు ఒడిదాకా రాదు. మా సందు మొనకు వచ్చి ఆగుతుంది. ‘గంగలో గొల్లపల్లె’ అంటే గంగ ఒడ్డున అని చెప్పుకొన్నట్టు, ఒడి అంటే ఇక్కడ సందు మొన. ఒడి తాలూకు నాయనమ్మ ఆ మొన దగ్గర అరుగు మీద ఫోనులో సీరియల్ చూస్తూ ఉంటుంది. అందుకే డ్రైవరు వెంటనే పోలేడు. పిల్ల దిగాలి, నాయనమ్మ తలెత్తాలి, చెయ్యి పట్టుకోవాలి, అప్పుడు గేరు వెయ్యాలి. వెనక ఆటోవాడు హారన్ మోగిస్తుంటాడు. ‘అమ్మమ్మగారూ, మీ పాప’ అని కేక వేసి, ఆవిడ ‘నేను అమ్మమ్మను కాదు, నాయనమ్మను’ అని సవరించేదాకా ఆగి మరీ పోతాడు. ఈ ఆగడాన్ని ఏ నిఘంటువూ ఎక్కించుకోలేదు.

అమెరికాలో బడి బస్సు ఆగి ఎర్రదీపాలు వెలిగించిందంటే వెనకవాళ్లే కాదు, సాధారణంగా ఎదురొచ్చే వాహనాలూ నిలబడిపోవాలి. బస్సు పక్క నుంచి ‘స్టాప్’ అని ఓ రేకు చెయ్యిలాగా బయటికి చాచుకుంటుంది. మా మేనకోడలు అక్కడి నుంచి వీడియో పెట్టింది. మా డ్రైవరుకు చూపించాను. రెండుసార్లు చూశాడు. ‘మన దగ్గరైతే ఆ రేకు సాయంత్రానికి ఉండదు సార్’ అన్నాడు. ఆ మేనకోడలే క్రిస్మస్ సెలవుల ముందు పిల్లల చేత డ్రైవరుకు కార్డు రాయించి, కాఫీ దుకాణం కూపను పెట్టి ఇప్పిస్తుంది. విందు ఆలోచన మా గుంపులోకి ఆ దారినే వచ్చిందని నా అనుమానం. చెయ్యెత్తిన పదిమందీ ఒప్పుకోరు.

సారథులకు = రథమును నడుపువారికి.

బస్సు డ్రైవర్లకు అంటే గణాలు కుదరవు. పైగా ‘బస్సు సారథులు’ అని కలిపితే వైరి సమాసం. ‘స్కూల్ బస్ డ్రైవర్’ అనడం మేలు. అందులో మూడు మాటలూ ఒకే దేశంవి గనక వాటి మధ్య వైరం లేదు. వైరమంతా రోడ్డు మీద.

సారథి అనగానే సభలో ఒకాయన లేచి పార్థసారథిని తలుచుకున్నాడు. డ్రైవర్లు వినయంగా విన్నారు. పురాణంలో సారథులు ఇంకా ఉన్నారు. సూర్యుడికి అనూరుడు, తొడలే లేని వాడి చేత రోజూ బండి తోలిస్తున్నారు, ఏ ఫిట్‌నెస్ ఆఫీసరూ అడగలేదు. ఇంద్రుడికి మాతలి. కర్ణుడికి శల్యుడు, బండి తోలుతూనే వెనక కూర్చున్నవాణ్ణి దెప్పుతాడు. మన బస్సుల్లో ఇది తిరగబడింది. తోలేవాడు మౌనంగా ఉంటాడు. మీటింగు రోజున ఎక్కిన తండ్రి పక్కన నిలబడి ‘లెఫ్టు కొట్టు, లెఫ్టు కొట్టు’ అని శల్యసారథ్యం చేస్తాడు.

నాకు మాత్రం బాహుకుడు గుర్తొచ్చాడు. నలుడే వేషం మార్చుకుని అయోధ్యలో ఋతుపర్ణుడి దగ్గర చేరి, దమయంతి రెండో స్వయంవరమని కబురు వస్తే, రాజును ఒక్క పగటిలో విదర్భకు చేర్చాడు. దారిలో రాజు మీది ఉత్తరీయం జారిపడింది. ఆపమనేలోగా అది యోజనం వెనకబడిపోయింది. గంటకు నలభై దాటనివ్వని స్పీడ్ గవర్నర్ బిగించి ఉంటే, ఆ కథలో నలదమయంతులు కలిసేవాళ్లు కాదు. ఉత్తరీయం మాత్రం దక్కేది. ఈ ఉత్తరీయం సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు అక్కరకొస్తుంది.

మన జిల్లా సంగతి కూడా చెప్పుకోవాలి. 2022 ఏప్రిల్ 4న జగ్గయ్యపేట, నందిగామ కృష్ణా జిల్లాలోంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. సారథి పేరున్న జిల్లా నుంచి సారథి వేషం కట్టినాయన జిల్లాకు మారామన్నమాట. ఆయన 1982లో ఊరూరూ తిరిగిన వ్యాను పేరు చైతన్యరథం. దాన్ని తోలింది హరికృష్ణ. రాజకీయ చరిత్రలో డ్రైవరు పేరు జనానికి గుర్తుండడం అరుదు. ఎన్టీఆర్ కొడుకు గనక గుర్తుంది.

అరుదని ఊరికే అనలేదు. జగ్గయ్యపేటలో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తండ్రి పేర ఊరు కట్టకముందు, అది బేతవోలుగా ఉండకముందు, బౌద్ధుల స్తూపం ఉంది. 1882లో బర్జెస్ అనే దొర తవ్వించాడు. అక్కడ దొరికిన ఒక పలక మద్రాసు మ్యూజియానికి చేరింది. నడుమ చక్రవర్తి చెయ్యెత్తి నిలబడి ఉంటాడు, చుట్టూ ఆయన సప్తరత్నాలు: చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, గృహపతి, సేనాని. చిన్నప్పుడు మాస్టారే మాకు బొమ్మలో చూపించి ఒక్కొక్కటీ లెక్కపెట్టించారు. చక్రం ఉంది, గుర్రం ఉంది. సారథి లేడు. రెండు వేల ఏళ్ల కిందటి ఫ్లెక్సీ మీద కూడా డ్రైవరు ఫొటో వెయ్యలేదు.

‘సారథులకు’ అనే బహువచనం మీద మరో మాట. తొమ్మిది బస్సులకు తొమ్మిదిమంది డ్రైవర్లు. బస్సుకో ఆయా. కక్కుకున్న పిల్లను తుడిచేది, నిద్రపోయినదాన్ని భుజాన వేసుకు దింపేది, తప్పిపోయిన టిఫిను డబ్బా మూత వెతికేది ఆవిడే. పద్యంలో ఆవిడ లేదు. ఉపలక్షణంగా వస్తుందని మాస్టారు అన్నారు. గొడుగు ఉన్నవాళ్లు పోతున్నారంటే లేనివాళ్లు కూడా కలిసినట్టు. ఉపలక్షణం భోజనాల వరకు పనిచేసింది. శాలువాల దగ్గర పనిచెయ్యలేదు. తొమ్మిదే తెచ్చారు.

విందు = ఇష్టమృష్టాన్న భోజనము.

కోడి బిర్యానీ, గోంగూర, పెరుగుచట్నీ, పులిహోర, బూరెలు, ఐస్‌క్రీం. శాకాహారులకు వేరే బల్ల. వంటకు పేరు పెట్టడానికి లేదు. వేడిగా తిన్నవాళ్లంతా అదే మాటన్నారు.

సంక్రాంతి ముందుగా = మకర సంక్రమణమునకు పూర్వము.

డ్రైవర్లకు వేరే పండగ లేదనుకోవద్దు. జనవరి 24ను డ్రైవర్ల దినోత్సవంగా ఆర్టీసీ డిపోల్లో జరుపుతారు. గులాబీలు ఇస్తారు, ప్రమాదం చెయ్యని వాళ్లను సత్కరిస్తారు. బడి బస్సులదాకా అది ఇంకా రాలేదు. వీళ్లకు ఉన్నది దసరా ఆయుధపూజ ఒక్కటే. ఆ రోజు టైర్ల కింద నిమ్మకాయలు, అద్దానికి బంతిపూలు, బానెట్‌కు పసుపు కుంకుమ. పూజ బస్సుకు, కొబ్బరిముక్క డ్రైవరుకు.

పెట్టుచుంటిమి = (మేము) పెట్టుచున్నాము. ఇపుడు = ఈ సమయమునందు.

ఈ ‘ఇపుడు’ దగ్గరే కావ్యం కొండెక్కింది. పిలుపులో వేళ పన్నెండున్నర. పన్నెండున్నరకు ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల్ని వదులుతారు. అంటే సారథులు రథాలెక్కే వేళ. ఒకరు చందర్లపాడు దారిన, ఒకరు పెనుగంచిప్రోలు దారిన, ఒకరు అంబారుపేట మీదుగా. ఆ ట్రిప్పు ముగించుకుని అందరూ వెనక్కి వచ్చేసరికి ఒంటిగంటా యాభై. ఈ సంగతి కమిటీ తొమ్మిదిమందిలో ఒక్కరికీ తట్టలేదు. మా అందరి పిల్లలూ ఆ ట్రిప్పులో ఎక్కినవాళ్లే. నేను కూడా కమిటీలో ఉన్నాను. ఫ్లెక్సీలో పై వరస, కుడి నుంచి రెండోది.

అతిథులు లేరు. బిర్యానీ దిగింది. కేటరింగు కుర్రాడు ‘చల్లారిపోద్ది సార్, ఒక బంతి కానివ్వండి’ అన్నాడు. ఒక బంతి అయింది. ‘పెట్టుచుంటిమి’ అనే ఉత్తమపురుష బహువచనానికి కర్త మేము, ఆ గంటకు సంప్రదానం కూడా మేమే. వ్యాకరణంలో ఇలాంటిది బాలవ్యాకరణం నాటికి లేదు.

రెండింటికి వాళ్లు వచ్చారు. ముఖాలు కడుక్కుని, ఖాకీ చొక్కాల పై బొత్తాలు పెట్టుకుని వరసగా కూర్చున్నారు. రాగానే వడ్డించొచ్చు. కానీ సన్మానం ఉంది. ముగ్గురు మాట్లాడారు. ఒకాయన రోడ్డు భద్రత గురించి డ్రైవర్లకే బోధించాడు. శాలువా కప్పడం, ఫొటో సరిగా రాలేదని విప్పి మళ్లీ కప్పడం, మెమెంటో పట్టుకుని కెమెరా వంక చూడడం. తొమ్మిదిమందికి యాభై నిమిషాలు. మూడున్నరకు బస్సులు తీయాలి. చేతి గడియారం ఉన్నవాళ్లు అదే చూసుకుంటూ, లేనివాళ్లు పక్కవాడి చెయ్యి చూస్తూ తిన్నారు. శాలువాలు ఒళ్లో పెట్టుకున్నారు, మరకలవుతాయని. బిర్యానీ చల్లారిందని నేను నొచ్చుకుంటే, ‘మా డబ్బా పొద్దున ఐదింటికి కడతారు సార్, మాకెప్పుడూ ఇంతే’ అన్నాడు మా మూడో నంబరు. ఐస్‌క్రీం కప్పు చేత్తో పట్టుకునే బండెక్కాడు. అది తిన్నాడో, బానెట్ మీది పిల్లకు ఇచ్చాడో చూడలేదు.

పూర్వపక్షము

ఇక్కడ ఒక ఆక్షేపణ. గుంపులో ఒక తండ్రి రాశాడు: ‘జీతం తీసుకుని చేసే పనికి మళ్లీ విందేంటి?’ దీనికి సమాధానం. సెప్టెంబరు 5న మనం పూలిచ్చే ఉపాధ్యాయులు జీతం తీసుకోనివాళ్లా? పెళ్లి చేయించిన పురోహితుడికి సంభావన ఇచ్చాక పంచెల చాపు ఎందుకు పెట్టాం? ఆక్షేపించిన తండ్రి బ్యాంకులో పని చేస్తాడు. ఆయనకు దీపావళికి మిఠాయి పెట్టె ఎవరు పంపిస్తారో గుంపులో అందరికీ తెలుసు. చర్చ అక్కడితో ఆగింది.

పెద్దమనసు = (1) ఔదార్యము; (2) ?

మాస్టారు అనుకున్నది ‘పెద్దమనసుతో’. ‘తో’ పెడితే గణం మిగిలిపోతుంది. అందుకని తృతీయావిభక్తిని గుమ్మం బయటే నిలబెట్టారు. దాంతో ‘పెద్దమనసు’ ఏ విభక్తీ లేకుండా పద్యం చివర ఒంటరిగా వేలాడుతోంది. ఎవరిదైనా కావచ్చు. మాది అని మేం అనుకున్నాం. విందయ్యాక మాస్టారితో అన్నాను: ‘మాస్టారూ, ఆ తృతీయ రాకపోవడమే మంచిదైంది.’ ఆయన ఏమీ అనలేదు. వెళ్లి తొమ్మిదిమంది చేతులూ ఒక్కొక్కటీ పట్టుకుని, పేరేంటని అడిగి, పాత డైరీలో రాసుకున్నారు. తొమ్మిది పేర్లలో ఎన్నింటికి గణాలు కుదురుతాయో చూస్తారనుకుంటా.

నా సంగతి చెప్పలేదు. మూడేళ్లుగా మనవరాలు ఎక్కే బస్సు. నా ఫోనులో ఆయన నంబరు ‘బస్సు 3’ అని ఉంది. అసలు పేరేంటని ఆ రోజు ఇంటికొచ్చి మనవరాలిని అడిగితే, పేరూ, ఇంటి పేరూ, ఇద్దరు కూతుళ్ల పేర్లూ, వాళ్ల గేదె ఈనిన సంగతీ చెప్పింది. పేరు ఇక్కడ రాద్దామనుకున్నాను. ‘వద్దు సార్, ఎండాకాలం జీతం ఉండదని నేనన్నానని ఎవరన్నా చదివితే’ అన్నాడు. అందుకని డీజిల్ దీపికలో కూడా ఆయన ‘మూడో నంబరే’.

విశేషములు

సంక్రాంతి సెలవులయ్యాక బడి తెరిచిన రోజు నేనే మనవరాలిని ఎక్కించాను. లోపల ఇంజను బానెట్ మీద శాలువా నాలుగు మడతలు వేసి పరిచి ఉంది. జరీ అంచు రేడియేటరు వైపు. ‘వేడి తగులుద్దని పిల్లలు ఏడుస్తన్నారు సార్, ఇది మందంగా ఉంది’ అన్నాడు. ఋతుపర్ణుడి ఉత్తరీయం యోజనం వెనక దుమ్ములో పడిపోయింది. ఇది కాస్త పనికొచ్చింది.

‘మీకు చలికి కావాలిగా, స్వెట్టరు కొనిపిద్దామా?’ అన్నాను, ఈసారైనా అడిగి ఇద్దామని. గేరు రాడ్ మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆలోచించాడు.

‘స్వెట్టరు వద్దుగాని సార్, గుంపులో ఒక మాట పెట్టండి. పిల్లల్ని ఐదు నిమిషాలు ముందు రోడ్డు మీదికి తెస్తే చాలు. ఒక్కో ఇంటి దగ్గర రెండు నిమిషాలు ఆగితే, చివరికొచ్చేసరికి ఆ లేటంతా నేను హైవే మీద తీర్చుకోవాల్సొస్తంది.’

తాత్పర్యము

మూడో నంబరు బస్సు మా సందు మొనకు 7 గంటల 10 నిమిషాలకు వస్తుంది. పిల్లల్ని 7:05కే బూట్లతో సహా అక్కడ నిలబెట్టగలరు.